సున్నా సెకన్ల పాఠకుడు

మూడేళ్ల పాటు ప్రతి సోమవారం పొద్దున్నే నేనొక రచన చదివేవాణ్ణి. దానికి రచయిత లేడు, శైలి లేదు. అయినా మా పత్రిక గురించి అంత గట్టిగా తీర్పు చెప్పిన విమర్శ నాకు ఇంకెక్కడా దొరకలేదు. అది మా వెబ్‌సైట్ అనలిటిక్స్ రిపోర్టు.

మేం ముగ్గురం కలిసి ఒక చిన్న వెబ్ పత్రిక నడిపేవాళ్లం. నెలకో సంచిక, పదో పన్నెండో రచనలు. డబ్బుల్లేవు, ప్రకటనల్లేవు. ఫోన్ చేసి బాగుందనో బాలేదనో చెప్పేవాళ్లు తక్కువ. ఎవరైనా చదువుతున్నారా అన్న సంగతి తెలియాలంటే మాకున్న దారి ఆ రిపోర్టే. ఎంతమంది వచ్చారు, ఎక్కడ్నించి వచ్చారు, ఎంతసేపున్నారు, వచ్చినవాళ్లు వచ్చినట్టే ఎందరు పోయారు. ఆ పట్టికలు చూసి మేం సంపాదకత్వం చేశాం. ఇది చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది.

2019లో ఒక పెద్దాయన కవిత పంపారు. కరీంనగర్ వైపు ఊరు, రిటైరైన టీచరు. వాళ్లూరి చెరువు మీద నాలుగొందల పాదాల దీర్ఘ కవిత. నాకు నచ్చింది. కానీ అంతకు రెండు నెలల ముందే మేం వేసిన ఇంకో దీర్ఘ కవిత పక్కన రిపోర్టులో ఏముందో నాకు గుర్తుంది. 'పేజీ మీద గడిపిన సగటు సమయం: 00:00'. ఆయనకి ఫోన్ చేశాను.

"సార్, కవిత చాలా బాగుంది. కానీ వెబ్‌లో ఇంత పొడుగైతే ఎవరూ చదవట్లేదు. ఓ నలభై పాదాలకి తగ్గించగలరా?"

"ఎవరూ చదువుతలేరని నీకెట్ల తెలుసు బిడ్డా?"

"రిపోర్టు వస్తుంది సార్. అందులో లెక్కలుంటాయి."

ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "సరే తీ, వేరేకాడ చూస్త" అన్నారు.

ఆయన అడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదని అర్థం కావడానికి ఇంకో ఏడాది పట్టింది. నాకెట్ల తెలుసు? ఒక పుస్తకాన్ని విమర్శించేటప్పుడు దాని మాటలేమిటి, వాటి వెనక ఊహలేమిటి అని చూస్తాం కదా. ఆ రిపోర్టుని కూడా అట్లాగే ఒకసారి చదవాలనిపించింది.

*

మొదట కుకీ సంగతి. తెలుగులో ఆ మాట వినగానే బేకరీ గుర్తొస్తుంది. నిజానికి దాని వెనకున్న ఊహ మనకి బాగా తెలిసిందే. గుడి బయట చెప్పుల స్టాండు. చెప్పులిస్తే ఆయన ఒక టోకెన్ ఇస్తాడు, దాని మీద ఒక నంబరుంటుంది. ఆయనకి మన పేరు తెలీదు, అక్కర్లేదు కూడా. తిరిగొచ్చి టోకెన్ ఇస్తే మన చెప్పులు మనకొస్తాయి. యూనిక్స్ ప్రోగ్రామర్లు ఒక ప్రోగ్రాం నించి ఇంకో దానికి ఇట్లా చేతులు మారే టోకెన్‌ని 'మ్యాజిక్ కుకీ' అనేవాళ్లు. ఆ పేరే ఇక్కడికొచ్చింది.

వెబ్‌కి పుట్టుకతోనే మతిమరుపు. హెచ్‌టీటీపీ అనే పద్ధతిలో మనం ఒక పేజీ అడుగుతాం, సర్వర్ ఇస్తుంది, అక్కడితో సంబంధం తెగిపోతుంది. మరుక్షణం ఇంకో పేజీ అడిగితే, అడిగింది ఇందాకటి మనిషేనని దానికి తెలీదు. ఆన్‌లైన్ దుకాణాలకి ఇది పెద్ద తలనొప్పి. బుట్టలో రెండో వస్తువు వేసేసరికి మొదటిది ఎవరు వేశారో మర్చిపోతే బేరమెలా సాగుతుంది? 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో పనిచేస్తున్న లూ మాంటుల్లీ దీనికో ఉపాయం చెప్పాడు. బ్రౌజర్లో ఒక చిన్న చీటీ దాచిపెట్టి, ఆ సైటుకి వెళ్లిన ప్రతిసారీ బ్రౌజరే ఆ చీటీ చూపించేలా చేశాడు. అదే కుకీ. పాస్‌వర్డ్ ఒకసారి కొడితే రోజంతా లాగిన్ అయి ఉంటున్నామంటే దాని చలవే. 1996 ఫిబ్రవరిలో ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక రాసేదాకా, తమ కంప్యూటర్లలో ఇట్లాంటి చీటీలున్నాయని మామూలు జనానికి దాదాపు తెలీదు.

మనం ఏమైనా కొంటున్నప్పుడు మనల్ని గుర్తుపెట్టుకోడానికి పుట్టిన చీటీ అది. దాన్నే అనలిటిక్స్ వాళ్లు ఇంకో పనికి పెట్టారు. అర్చిన్ అని ఒక కంపెనీ ఉండేది. 2005లో గూగుల్ దాన్ని కొనేసి, ఆ ఏడాది నవంబర్లో గూగుల్ అనలిటిక్స్‌ని ఉచితంగా ఇచ్చింది. లింకుల చివర తోకలా కనపడే 'యూటీఎం' అక్షరాలున్నాయే, అందులో మొదటి అక్షరం ఆ అర్చిన్‌దే.

అది పనిచేసే తీరు సులువు. సైటు నడిపేవాళ్లు ప్రతి పేజీలో నాలుగు లైన్ల కోడ్ అతికిస్తారు. మేమూ అతికించాం, ఐదు నిమిషాల పని. మీరు పేజీ తెరవగానే ఆ కోడ్ మీ బ్రౌజర్లో తన చీటీ ఉందా అని వెతుకుతుంది. లేకపోతే ఒక నంబరు పుట్టిస్తుంది. ఏదో ఒక సంఖ్య, దాని పక్కన మీరు మొదటిసారి వచ్చిన క్షణం. మామూలుగా రెండేళ్ల గడువు పెట్టి దాన్ని మీ బ్రౌజర్లో దాస్తుంది. ఆ తర్వాత మీరు తెరిచిన ప్రతి పేజీకీ ఒక కబురు కంపెనీ సర్వర్లకి పోతుంది: ఫలానా నంబరు, ఫలానా పేజీ, దాని శీర్షిక, ఏ లింకు పట్టుకుని వచ్చారు, తెర ఎంత, బ్రౌజర్ భాషేంటి. కబురు ఏ ఐపీ అడ్రస్ నించి వచ్చిందో దాన్ని బట్టి ఊరు కూడా ఊహిస్తారు.

ఇందులో మీ పేరు లేదు. 'అంతా అనామకమే' అని మేం కూడా ఒకరికొకరం చెప్పుకున్నాం. కానీ చెప్పుల స్టాండు టోకెన్‌కీ దీనికీ ఒక తేడా ఉంది. టోకెన్ మన జేబులో ఉందని మనకి తెలుసు, చెప్పులు తీసుకున్నాక తిరిగిచ్చేస్తాం. ఇక్కడ చెప్పులేవీ ఇవ్వలేదు. నడుస్తూ పోతుంటే ఎవరో జేబులో వేశారు.

*

ఇప్పుడు ఆ సున్నా దగ్గరికి వస్తాను.

టూల్ మనల్ని చూడదు. మన దగ్గర్నించి వచ్చిన కబుర్లనే చూస్తుంది. పది గంటలకి మీరు ఒక కవిత తెరిచారు, ఒక కబురు పోయింది. పది ఇరవైకి అదే సైటులో ఇంకో కథ తెరిచారు, రెండో కబురు. ఇరవైలోంచి సున్నా తీసేస్తే ఇరవై. కాబట్టి మీరు కవిత మీద ఇరవై నిమిషాలున్నారు. బానే ఉంది. మరి కవిత చదివి, ఇంకేమీ చదవాలనిపించక, ఫోన్ పక్కన పెట్టేశారనుకోండి. రెండో కబురు లేదు. దేన్లోంచి దేన్ని తీసేస్తారు? అందుకే సున్నా. పైగా ఒకే పేజీ చూసి వెళ్లిపోయారు కాబట్టి మీరు 'బౌన్స్' అయినట్టు లెక్క. గోడకి కొట్టిన బంతిలా తిరిగిపోయారన్నమాట.

మేం వాడిన రోజుల్లో గూగుల్ అనలిటిక్స్ లెక్క ఇదే. ఒక కవిత చదివాక ఇంకో రచన మీదికి మనసు పోకపోవడం, కాసేపు గోడ చూస్తూ కూర్చోవడం, ఇవి జరిగితే కవిత పని చేసినట్టని నేననుకుంటాను. రిపోర్టులో అదే వైఫల్యం. మరోపక్క ఒకాయన కవిత తెరిచి రెండు లైన్లు చూసి, టీ తాగడానికి పోయి, పావుగంటకి వచ్చి, విసుగ్గా ఇంకో లింకు నొక్కాడనుకోండి. ఆయన మా పత్రికకి పావుగంట ఇచ్చిన శ్రద్ధగల పాఠకుడు!

ఫేస్‌బుక్‌లో కవి తన స్నేహితులకి లింకిస్తాడు. వాళ్లు ఆ లింకుతో నేరుగా కవితకే వస్తారు, చదివి వెళ్లిపోతారు. చిన్న పత్రికల్లో ఎక్కువమంది చదివే తీరు అదే. అట్లా వచ్చినవాళ్లంతా అట్లాగే పోతే సగటు 00:00 అవుతుంది. మా దీర్ఘ కవిత పక్కన కనిపించింది ఆ సున్నానే. దాన్ని చూపించి నేను ఒక పెద్దమనిషిని మూడొందల అరవై పాదాలు కొట్టేయమన్నాను.

మిగతా మాటలు కూడా ఇట్లాంటివే. 'సెషన్' అంటారు. అరగంట పాటు ఏ కబురూ రాకపోతే ఆ సెషన్ ముగిసినట్టు. సగం కథ చదివి, అన్నం తిని, వచ్చి మిగతా సగం చదివి ఇంకో పేజీ నొక్కిన మనిషి రెండుసార్లు వచ్చినట్టు. అరగంట అన్న గీత ఎవరో కూర్చుని గీసిందే. సైటు వాళ్లు కావాలంటే మార్చుకోవచ్చు, మేం ఆ సంగతి కూడా పట్టించుకోలేదు.

'యూజర్' అనేది ఇంకా తమాషా. టూల్ లెక్కపెట్టేది చీటీలని, మనుషుల్ని కాదు. ఆఫీసు లాప్‌టాప్‌లో ఒకసారి, ఇంట్లో ఫోన్‌లో ఒకసారి చదివితే ఇద్దరు. ఇంటిల్లిపాదీ ఒకే కంప్యూటర్లో చదివితే ఒక్కరు. బ్రౌజర్లో హిస్టరీతో పాటు కుకీలు చెరిపేస్తే మళ్లీ కొత్తవాళ్లు. యాడ్ బ్లాకర్ పెట్టుకున్నవాళ్లలో చాలామంది అసలు పుట్టనే లేదు.

2019లోనే ఆపిల్ తన సఫారీ బ్రౌజర్లో ఒక మార్పు తెచ్చింది. ఇట్లా కోడ్ ద్వారా దాచిన కుకీలకి ఏడు రోజులే ఆయుష్షు. మాది నెలకోసారి వచ్చే పత్రిక. ఐఫోన్‌లో ప్రతి నెలా మొదటి తారీకున వచ్చి, సంచిక చదివి, మళ్లీ నెలకి వచ్చే పాఠకురాలు ఒకామె ఉందనుకోండి. ఆమె చీటీ ఎనిమిదో రోజుకే చెరిగిపోయి ఉంటుంది. ఏడాదిలో పన్నెండు సార్లు వచ్చినా మా లెక్కలో పన్నెండుమంది కొత్తవాళ్లే. మాకు అందరికన్నా దగ్గరి మనిషిని మేం పన్నెండుసార్లు అపరిచితురాలిగా నమోదు చేసుకున్నాం. 'పాత పాఠకులు తిరిగి రావట్లేదు' అని ఒక సాయంత్రమంతా బాధపడ్డాం కూడా.

2023 జులై 1న గూగుల్ ఆ పాత పద్ధతి ఆపేసి అందర్నీ కొత్తదానికి మార్చింది. కొత్తదానిలో ఆ సున్నా సమస్య చాలావరకు తీరింది. పేజీ తెర మీద ఎంతసేపు కనపడుతోందో అది కొలుస్తుంది. కానీ దాని కొలబద్ద చూడండి. పది సెకన్లు దాటితే ఆ సెషన్ 'ఎంగేజ్డ్'. పేజీని తొంభై శాతం కిందికి లాగితే దానికో గుర్తు. బొటనవేలితో ఒక్క విసురు విసిరితే చాలు, కవిత చివరిదాకా వెళ్లినట్టే. మెరుగైన కొలతే, కాదనను. కొలుస్తున్నది మాత్రం చదవడాన్ని కాదు, తెర వెలుగుతున్న సమయాన్ని.

*

లెక్కల్లో తప్పులుండటం పెద్ద విషయం కాదు. పత్రికల సర్క్యులేషన్ లెక్కలు మాత్రం అంత ఖచ్చితమా? నా అభ్యంతరం ఇంకోటి. ప్రతి విమర్శ వెనకా పాఠకుడంటే ఎవరు అన్న ఊహ ఒకటుంటుంది. ఈ రిపోర్టు వెనకున్న ఊహ ఏమిటి?

మన అలంకారికులు పాఠకుణ్ణి సహృదయుడన్నారు. కావ్యాలు చదివి చదివి మనసు అద్దంలా తేటపడినవాడు, చదువుతున్న దాంట్లో లీనం కాగలిగినవాడని అభినవగుప్తుడి ఊహ. అందులో కులీనుల వాసన ఉందని మనం వాదించుకోవచ్చు. వాదించుకున్నాం కూడా. 1970లలో జర్మన్ విమర్శకుడు వోల్ఫ్‌గాంగ్ ఈజర్ ఇంకో వైపు నించి వచ్చాడు. రచనలో ఖాళీలుంటాయి, వాటిని పాఠకుడు నింపుకుంటూ పోతాడు, చదవడమంటే ఆ నింపుకోవడమే అన్నాడు. ఈ ఇద్దరికీ మధ్య వెయ్యేళ్ల దూరం. కానీ ఒక దగ్గర కలుస్తారు. పాఠకుడు ఆగిన చోటే ఏదో జరుగుతుంది.

అనలిటిక్స్‌కి ఆగడం అంటే ఏమీ జరగకపోవడం. దానికి కనపడేవి కదలికలే: నొక్కడం, లాగడం, తెరవడం. సరుకు అమ్మే సైటుకి ఇది సరిపోతుంది. అక్కడికి వచ్చిన మనిషి ఏం కదలకుండా కూర్చుంటే కొనట్లేదనే అర్థం. దుకాణం కోసం తయారైన కళ్లద్దాలు మేం కవిత్వానికి పెట్టుకున్నాం. కళ్లద్దాల తప్పేం లేదు.

పెట్టుకున్నాక మెల్లిగా మా చూపే మారింది. శీర్షికల్లో ప్రశ్న గుర్తులు పెరిగాయి. పొడుగు వ్యాసాల్ని మూడు ముక్కలు చేసి మూడు పేజీల్లో పెట్టాం. పాఠకుడు నొక్కక తప్పదు, బౌన్స్ తగ్గుతుంది. నిజంగానే తగ్గింది! మా మిత్రుడు స్వీట్లు తెచ్చాడు. ఆ వ్యాసాలు చదివినవాళ్లు మధ్యలో తెగి ఇబ్బంది పడ్డారేమో మేం ఎవర్నీ అడగలేదు. నంబరు చూశాక అడగాలని అనిపించదు. ఈ రిపోర్టు చేసే పెద్ద నష్టం ఇదేనేమో. తెలీదన్న సంగతిని మర్చిపోయేలా చేస్తుంది.

*

ఇంతవరకూ నష్టపోయింది కవులూ, మేమూ. పాఠకుల వైపు నించి చూడటం నాకు ఒక రాత్రి మొదలైంది.

అనలిటిక్స్‌లో 'రియల్ టైమ్' అని ఒక తెర ఉంటుంది. ఈ క్షణంలో సైటులో ఎందరున్నారు, ఏ పేజీ మీదున్నారు, ఏ ఊరు. నిద్ర పట్టనప్పుడు అది చూడటం నాకు అలవాటైంది. ఆ నెల సంచికలో ఒకామె తన పెళ్లిలోంచి బయటికొచ్చిన అనుభవం రాసింది. దెబ్బల గురించి, పుట్టింటివాళ్లు వెనక్కి పంపడం గురించి, చివరికి ఒక రోజు బస్సెక్కడం గురించి. రాత్రి ఒంటిగంటన్నరకి ఆ పేజీ మీద ఒక్కరే ఉన్నారు. పక్కన ఊరి పేరు చూస్తే మా ఊరు.

చిన్న ఊరు మాది. అక్కడ మా పత్రిక సంగతి తెలిసినవాళ్లు నాకు తెలిసినవాళ్లే. ఎవరై ఉంటారు? ఒక్కో ఇల్లూ గుర్తు తెచ్చుకోవడం మొదలుపెట్టాను. ఫలానా వాళ్లమ్మాయా? ఫలానా సార్ వాళ్ల కోడలా? ఐదు నిమిషాలు గడిచాక నేనేం చేస్తున్నానో నాకు తెలిసింది. ఫోన్ బోర్లా పెట్టేశాను.

ఐపీ అడ్రస్‌ని బట్టి ఊరు చెప్పడం చాలాసార్లు తప్పుతుందని నాకు తర్వాత తెలిసింది. ఆ చదువుతున్న మనిషి ఇంకెక్కడో ఉండి ఉండొచ్చు. కానీ వెతకడానికి బయల్దేరిన నా మనసు తప్పు లెక్క కాదు కదా.

చదవడం మనలో చాలామందికి దొంగచాటు పని. క్లాసు పుస్తకం మధ్యలో నవల పెట్టుకుని చదివాం. మంచం కింద దాచాం. ఇంట్లో తెలిస్తే ఊరుకోని విషయాల గురించి చదివే ధైర్యం వచ్చిందంటే, చదువుతున్నట్టు ఎవరికీ తెలీదన్న నమ్మకం వల్లే. అప్పుడు మాత్రం లెక్కల్లేవా అంటే ఉన్నాయి. శాఖా గ్రంథాలయంలోకి వెళ్లేటప్పుడు రిజిస్టర్లో సంతకం పెట్టేవాళ్లం. ఇంటికి తీసుకెళ్లిన పుస్తకం పేరు, తారీకు రాసుకునేవారు. కానీ సంతకం పెడుతున్నది మన చెయ్యి. ఆ రిజిస్టరు ఏ పేజీ దగ్గర మనం ఆగామో, రాత్రి ఎన్నింటికి మళ్లీ తెరిచామో రాసుకోలేదు. పక్క ఊరి గ్రంథాలయంలోనూ, సినిమా హాల్లోనూ అదే కంపెనీ రిజిస్టరు లేదు.

ఆ చివరి మాట కొంచెం విడమర్చాలి. మేం వాడిన అనలిటిక్స్ కుకీ మా సైటు పేరు మీదే ఉంటుంది. అట్లాంటివాటిని ఫస్ట్ పార్టీ కుకీలంటారు. ఇంకో సైటులో మీ నంబరు వేరు. ప్రకటనల కంపెనీలు వాడే థర్డ్ పార్టీ కుకీలు వేరు. వాటికి ఊరంతా ఒకే టోకెన్, అందుకే చెప్పుల కోసం వెతికితే ప్రతి సైటులోనూ చెప్పుల ప్రకటనలే. సఫారీ 2020లో ఈ రెండో రకాన్ని పూర్తిగా ఆపేసింది. క్రోమ్ కూడా ఆపేస్తానని అదే ఏడాది చెప్పి, వాయిదాలు వేసి, 2024 జులైలో వెనక్కి తగ్గింది. బ్రౌజర్లో థర్డ్ పార్టీ కుకీలు ఆపేసుకుని నిశ్చింతగా ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. ఆ మీటకీ మాలాంటి సైటు పెట్టే చీటీకీ సంబంధం లేదు. పేరు మాదే, కబురు మాత్రం మా దగ్గరికి కాదు, కంపెనీ సర్వర్లకే పోతుంది.

*

ఇక అనుమతి అడిగే పెట్టెలు. 2018 మే 25న యూరప్‌లో జీడీపీఆర్ అమల్లోకి వచ్చాక ఇవి ప్రపంచమంతా పాకాయి. దీన్నొక సాహిత్య ప్రక్రియగా చూస్తే భలే ఉంటుంది. మొదటి వాక్యంలో మీ గోప్యత మీద ఎనలేని ప్రేమ. రెండో వాక్యంలో దాన్ని ఎట్లా తీసుకోబోతున్నారో. 'ఒప్పుకుంటున్నాను' పెద్ద రంగు బటన్, 'వద్దు' అన్నది రెండు మెట్లు దిగితే గానీ దొరకదు. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి అనుమతి కిందికి రాదని యూరప్ న్యాయస్థానం 2019 అక్టోబర్లో చెప్పింది. కాదనడాన్ని ఔననడం కన్నా కష్టం చేశారని ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ గూగుల్‌కి 15 కోట్ల యూరోల జరిమానా వేసింది, 2022 జనవరిలో ప్రకటించింది. అదే నెల ఆస్ట్రియాలో ఇంకో నిర్ణయం బయటికొచ్చింది. ఒక సైటు గూగుల్ అనలిటిక్స్ వాడి పాఠకుల వివరాలు అమెరికాకి పంపడం చట్ట విరుద్ధమని. పేరు లేకపోయినా ఆ నంబరూ, దానితో పోయే వివరాలూ వ్యక్తిగత సమాచారమేనని అందులో తేల్చారు. 2023లో యూరప్, అమెరికాల మధ్య కొత్త ఏర్పాటు వచ్చాక వివరాలు పంపడం సంగతి కొంత మారింది. నంబరు గురించి చెప్పిన మాట మాత్రం నాకు ముఖ్యం. 'అంతా అనామకమే' అని మేం చెప్పుకున్న ఊరట అక్కడ నిలబడలేదు.

మన దగ్గర 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కన్నారు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. అందులో కుకీ అన్న మాట లేదు. కానీ ఒక నియమం నన్ను ఆపేసింది. అనుమతి అడిగే నోటీసుని ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో ఉన్న ఏ భాషలో గానీ చదువుకునే వీలు ఇవ్వాలి. అంటే తెలుగులో కూడా.

తెలుగు పత్రిక కదా, ముందుగా మనమే రాద్దాం అనుకున్నాను. అనువాదాల తెలుగు వద్దు, మా అమ్మకి అర్థమయ్యేలా రాయాలనుకున్నాను. ఇట్లా వచ్చింది:

'మీరు ఈ కవిత తెరవగానే మీ ఫోన్‌లో ఒక నంబరు రాసి పెడతాం. రెండేళ్ల దాకా ఉంచాలని మా ఉద్దేశం. మీరు మళ్లీ వస్తే ఆ నంబరు చూసి పాతవారని గుర్తుపడతాం. ఏం చదివారు, ఎన్నింటికి చదివారు, ఎవరి లింకు పట్టుకుని వచ్చారు, ఏ ఊర్లో ఉండొచ్చు అన్నవి ఆ నంబరు కింద చేరతాయి. ఇవి మా దగ్గర ఉండవు, ఒక విదేశీ కంపెనీ దగ్గర ఉంటాయి. వీటిని చూసి ఎవరి కవిత వేయాలో, ఎంత పొడుగు వేయాలో మేం తేల్చుకుంటాం.'

ముగ్గురం కలిసి చదివాం. ఎవరూ మాట్లాడలేదు. ఇంగ్లీషులో 'మీ అనుభవాన్ని మెరుగుపరచడానికి' అన్నట్టుండే మాటలు ఇన్నాళ్లూ మాకే అడ్డుతెరగా పనిచేశాయి. తెలుగులో రాసేసరికి దాన్ని మా పత్రిక మొదటి పేజీ మీద పెట్టుకోలేకపోయాం. పెట్టుకోలేనప్పుడు చెయ్యనూ కూడదు కదా. ఆ నాలుగు లైన్ల కోడ్ తీసేశాం.

*

తీసేసేముందు మాలో గట్టి వాదనే జరిగింది. మా మిత్రురాలు అడ్డం పడింది. ఆమె మాటలో న్యాయం ఉంది. "కొత్తగా రాసే అమ్మాయికి, నీ కథ ఇంతమంది తెరిచారని చెప్తే ఆమె ఇంకో కథ రాస్తుంది. పేరున్నవాళ్లకి ఫోన్లొస్తాయి, ఆమెకి ఎవరు చేస్తారు? ఆ ఒక్క ఆధారం కూడా తీసేస్తే మళ్లీ పెద్దల సర్టిఫికెట్లే దిక్కు" అంది. నిజమే. సహృదయుడు ఎవరో నిర్ణయించే అధికారం ఎప్పుడూ కొందరి చేతుల్లోనే ఉంది. నంబరుకి ఆ పక్షపాతం లేదు. రిపోర్టు వల్లే పదేళ్ల కిందటి ఒక అనువాద వ్యాసాన్ని ఇంకా వెతుక్కుంటూ వస్తున్నారని మాకు తెలిసింది.

అందుకే లెక్క మానలేదు, చీటీ మానేశాం. ఏ సర్వర్ అయినా తనని ఏ పేజీ ఎన్నిసార్లు అడిగారో లాగ్‌లో రాసుకుంటుంది. కుకీలు లేకుండా లెక్కపెట్టే ప్లాజిబుల్ లాంటి టూల్స్ ఉన్నాయి. మటోమోని మన సర్వర్లోనే, కుకీలు ఆపేసి నడుపుకోవచ్చు. ఈ లెక్కలు ఇంకా మొరటుగా ఉంటాయి. పాత పాఠకులెవరో కొత్తవాళ్లెవరో నెలల తరబడి పోల్చి చెప్పలేవు. ఆ మొరటుతనమే మాకిప్పుడు ఉపయోగం. 'ఈ కథని సుమారు ఇన్నిసార్లు తెరిచారు' అని ఆ అమ్మాయికి చెప్పగలం. అంతకు మించి చెప్పలేమని కూడా చెప్పగలం. వ్యాసాల్ని ముక్కలు చేయడం మానేశాం. రచన కింద ఈమెయిల్ అడ్రస్ ఇచ్చి, రాయాలనిపిస్తే రాయమన్నాం. నెలకి నాలుగైదు ఉత్తరాలొస్తాయి. కొన్ని నెలల్లో ఒక్కటీ రాదు.

మీరు కూడా ఏదో ఒక పేజీ నడుపుతుంటే, ఈ వారం రిపోర్టు తెరిచినప్పుడు ఒక్క పని చేయండి. ఆ నంబరు ఎట్లా పుట్టిందో వాళ్ల సహాయ పేజీల్లో చదవండి. రహస్యమేం లేదు, అంతా రాసే ఉంటుంది. నేను మూడేళ్లు చదవలేదు, అంతే. కవిత్వం గురించి తీర్పు చెప్పే మనిషి దగ్గర మనం కనీసం 'మీరేం చదువుకున్నారు' అని అడుగుతాం. దీన్ని అడగలేదు.

ఆ చెరువు కవిత నాకు దక్కలేదు. ఆయన దాన్ని తన పుస్తకంలో వేసుకున్నారు, నాలుగొందల పాదాలూ. కిందటేడాది ఒక సభలో కనపడితే దగ్గరికెళ్లి జరిగిందంతా చెప్పాను. సున్నా ఎట్లా వస్తుందో కూడా. ఓపిగ్గా విన్నారు.

"అంటే సున్నా అంటే ఎవ్వరు చదువలేదని కాదన్నట్టు. దానికి తెల్వదన్నట్టు."

"అవును సార్."

"మరి అప్పుడే తెల్వదంటే అయిపోవు గద బిడ్డా" అన్నారు నవ్వుతూ.

ఇంకో కవిత అడిగాను. చూస్తానన్నారు. ఇంకా పంపలేదు.